నడక కష్టమైనవారు నగరంలో ప్రయాణం చేయడం ఎలా?

మా ఫిజియోథెరపీ విభాగానికి ఒక రిటైరైన టీచరమ్మ వచ్చేవారు. పక్షవాతం వచ్చి అప్పటికి రెండు నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు బలహీనం. మూడు వారాలు క్రమం తప్పకుండా వచ్చి, ఉన్నట్టుండి మానేశారు. ఫోన్ చేస్తే కోడలు, "అత్తయ్యకు బాగానే ఉందండీ, వ్యాయామాలు ఇంట్లోనే చేసుకుంటున్నారు" అన్నది. నెల తర్వాత వచ్చేసరికి ఆమె కుడి భుజం బిగుసుకుపోయి ఉంది. చెయ్యి పైకెత్తబోతే కళ్ల నీళ్లు తిరిగాయి. ఎందుకు మానేశారమ్మా అని అడిగితే చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరికి, "బస్సు మెట్టు ఎక్కలేకపోయాను బాబూ. వెనకనుంచి జనం తోస్తుంటే, కండక్టరు త్వరగా త్వరగా అంటుంటే సిగ్గేసింది. ఆటోకు వారానికి మూడుసార్లు మావాణ్ణి డబ్బులడగలేను" అన్నారు.

పక్షవాతం తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వచ్చే మెరుగుదల ఎక్కువ. ఆ రోజుల్లో పోయిన నెల తర్వాత దొరకడం కష్టం. మందులూ వ్యాయామాలూ రాసి ఇచ్చాం గాని, ఆసుపత్రికి ఎలా వస్తున్నారని ఆమెను మేము ఒక్కసారీ అడగలేదు. ఆ తప్పు మాదే. అందుకే ఈ పాఠం. కీళ్ల నొప్పులవారు, తుంటి ఎముక ఆపరేషన్ అయినవారు, పార్కిన్సన్స్ ఉన్నవారు, పోలియో వల్ల కాలు సన్నబడినవారు, వీరందరినీ వెంటబెట్టుకొని వచ్చే కుటుంబసభ్యులు కూడా చదవండి. హైదరాబాదు, సికింద్రాబాదులను దృష్టిలో పెట్టుకొని రాశాను గాని, చాలా సంగతులు విజయవాడలోనైనా విశాఖలోనైనా పనికొస్తాయి.

మొదట చేతికర్ర సంగతి

మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది కర్రను నొప్పి ఉన్న కాలి వైపే పట్టుకుంటారు. సినిమాల్లో కూడా అలాగే చూపిస్తారు. అది తప్పు. కుడి కాలు బలహీనమైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. మనం నడిచేటప్పుడు కుడి కాలు ముందుకు వేస్తే ఎడమ చెయ్యి ముందుకు వస్తుంది కదా, కర్ర కూడా ఆ చేతితోపాటు వచ్చి, నొప్పి ఉన్న కాలు నేలమీద ఆనినప్పుడు బరువులో కొంత తాను మోస్తుంది. అదే వైపు పట్టుకుంటే ఒళ్లంతా ఆ వైపుకు ఒరిగి తుంటి మీద బరువు ఇంకా పెరుగుతుంది.

ఎత్తు చూసుకోవడం సులభం. బయటికి వేసుకునే చెప్పులు తొడుక్కొని నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. మణికట్టు దగ్గర ముడత ఎక్కడ ఉందో కర్ర పిడి అక్కడికి రావాలి. తాతగారి కర్ర ఇంట్లో ఉంది కదా అని దాన్నే వాడకండి. తాతగారు పొడుగు కావచ్చు. కర్ర అడుగున ఉండే రబ్బరు బొడిపె అరిగి నున్నగా అయితే వెంటనే మార్చండి. దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. తడి ప్లాట్‌ఫారం మీద జారిపడితే అయ్యే ఖర్చు ఎంతో ఈ ఆసుపత్రిలో ఉన్నవారిని అడిగితే చెబుతారు.

బస్సు మెట్టు

మన ఇళ్లలో మెట్టు ఎత్తు ఆరేడు అంగుళాలు ఉంటుంది. మామూలు సిటీ బస్సులో మొదటి మెట్టు రోడ్డు మీదనుంచి దానికి రెట్టింపు పైనే ఉంటుంది. ఇంట్లో మెట్లెక్కగలిగినవారు బస్సు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. భయం ఒక్కటే కారణం కాదు, కాలు నిజంగానే అంత ఎత్తు లేవదు. నేల తక్కువ ఎత్తులో ఉండే బస్సులు కొన్ని 2009 తర్వాత కేంద్ర ప్రభుత్వ పట్టణ పథకం కింద నగరానికి వచ్చాయి. అలాంటివి మీ దారిలో ఉంటే పది నిమిషాలు ఆగైనా వాటినే ఎక్కండి.

ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టాలి. దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు దించాలి. ఎక్కేటప్పుడు ఒంటిని పైకి ఎత్తేది పై మెట్టు మీద ఉన్న కాలు. దిగేటప్పుడు ఒంటిని మెల్లగా దింపేది ఇంకా పైన ఉన్న కాలు. రెండుసార్లూ కష్టపడాల్సింది బలమైన కాలే. ఇది ఒకసారి అర్థమైతే ఇక మరచిపోరు.

కర్రను ముంజేతికి తగిలించుకొనో, వెంట ఉన్నవారికి ఇచ్చో, బలమైన చేత్తో తలుపు పక్కన కమ్మీ పట్టుకోండి. వెంట ఉన్నవారు ఎక్కేటప్పుడు మీ వెనక ఉండాలి, దిగేటప్పుడు మీకంటే ముందు దిగి కింద నిలబడాలి. చాలామంది ముందే లోపలికి ఎక్కి చెయ్యి పట్టి లాగుతారు. పక్షవాతం వచ్చిన చేతిని అలా లాగితే భుజం కీలు జారవచ్చు. ఆ టీచరమ్మ భుజం నొప్పికి బిగుసుకుపోవడం ఒక్కటే కాదు, ఒకరోజు బస్సు తలుపులో ఎవరో సాయం చేయబోయి ఆ చెయ్యే పట్టి లాగడం కూడా కారణం అని తర్వాత తెలిసింది. సాయపడదలచినవారు నడుము దగ్గర పట్టుకోండి. ఆ చేతిని వదిలేయండి.

దిగేటప్పుడు కమ్మీ మీ బలమైన చేతి వైపు లేకపోతే ఏం చేయాలి? కండక్టరుకు చెప్పి, బస్సు పూర్తిగా ఆగాక, వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగండి. ఎక్కినప్పుడు పట్టుకున్న కమ్మీనే పట్టుకుంటారు, బలహీనమైన కాలే ముందు దించుతారు. చూసేవారికి వింతగా ఉండవచ్చు. చూడనివ్వండి.

ఇంట్లో సాధన ఎలా చేయాలంటే, కిటికీ గ్రిల్లు దగ్గర కదలని చెక్క పీట ఒకటి వేసుకోండి. నాలుగు అంగుళాల ఎత్తుతో మొదలుపెట్టి, పూటకు ఐదుసార్లు ఎక్కి దిగండి. వారం తర్వాత సులువనిపిస్తే ఎత్తు కొంచెం పెంచండి. ప్లాస్టిక్ కుర్చీ గాని, ఊగే స్టూలు గాని వద్దు. వెనక ఒక మనిషి ఉండాలి. విరిగిన ఎముక ఇంకా అతకనివారు, ఎక్కుతుంటే ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చేవారు డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు.

బస్సు విషయంలో ఇంకొన్ని చిన్న సంగతులు. వీలైతే బస్సు బయలుదేరే చోటనే ఎక్కండి. కోఠి, సికింద్రాబాదు, మెహిదీపట్నం, ఉప్పల్ వంటి చోట్ల బస్సు కాసేపు ఆగి ఉంటుంది, సీటూ దొరుకుతుంది. అందుకోసం ఒక స్టాపు వెనక్కి వెళ్లవలసి వచ్చినా నష్టం లేదు. మగవారైనా సరే, ముందు తలుపు దగ్గర డ్రైవరుకు కనబడేలా కర్ర ఎత్తి చూపించి ఎక్కండి. వెనక తలుపు దగ్గర మీరు ఇంకా ఒక కాలు కిందే ఉంచారని డ్రైవరుకు తెలియదు. ఫుట్‌పాత్ అంచుకు దగ్గరగా ఆపమని అడగండి. ఫుట్‌పాత్ మీదనుంచి ఎక్కితే మెట్టు ఎత్తు బాగా తగ్గుతుంది. అన్నిచోట్లా ఫుట్‌పాత్ ఉంటే కదా అంటారు. నిజమే, ఆ మాట నేను కాదనలేను.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేదు. రాష్ట్రంలో నివాసం చూపించే గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే మొదలైంది. డబ్బులు లేక చికిత్స మానేసిన ఆడవారికి ఇది పెద్ద మేలు. అయితే బస్సుల్లో రద్దీ కూడా పెరిగింది. అందుకే నడక కష్టమైనవారికి ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడున్నర లోపు సమయం ఇవ్వమని మేము ఓపీ కౌంటరులో అడుగుతున్నాం. మీరు కూడా అడగండి. "పొద్దున్నే రండి" అని అలవాటుగా చెప్పేస్తారు, అడిగితే మారుస్తారు.

సీటు అడగడం

సీట్ల పైన వికలాంగులకు అని రాసి ఉంటుంది. అక్కడ ఎవరో కూర్చొని ఫోను చూసుకుంటూ ఉంటారు. "ఎవరైనా కాస్త సీటు ఇవ్వండి" అని అందరినీ కలిపి అడిగితే ఎవరూ లేవరు. పక్కవాడు లేస్తాడులే అని ప్రతివారూ అనుకుంటారు. ఒక్క మనిషిని చూసి, "బాబూ, నాకు కాలు ఆపరేషన్ అయింది, నిలబడలేను, ఆ సీటు ఇస్తావా?" అని అడగండి. నాకు తెలిసినంతవరకు పదిమందిలో తొమ్మిదిమంది వెంటనే లేస్తారు. పైకి కనబడని జబ్బున్నవారికి ఇది ఇంకా అవసరం. మోకాలి నొప్పి ముఖం మీద రాసి ఉండదు కదా.

మెట్రో

నడక కష్టమైనవారికి ఈ నగరంలో అన్నిటికంటే అనుకూలమైనది మెట్రో రైలే. 2017 నవంబరు 29 నుంచి నడుస్తోంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు ఉన్న ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరిలో మొదలైంది. మొత్తం 69 కిలోమీటర్లు. ప్లాట్‌ఫారమూ పెట్టె గచ్చూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి మెట్టు అన్నదే లేదు. లిఫ్టులు ఉన్నాయి. చక్రాల కుర్చీ నిలిపేందుకు పెట్టెలో చోటు ఉంది.

రోగులకు పనికొచ్చే స్టేషన్లు చూడండి. ఎర్ర లైనులో ఈఎస్ఐ హాస్పిటల్, ఉస్మానియా మెడికల్ కాలేజ్ ఉన్నాయి. నిమ్స్‌కు పంజాగుట్టలో దిగుతారు. ఆకుపచ్చ లైనులో గాంధీ హాస్పిటల్ స్టేషను ఉంది. లైను మారాలంటే ఎర్ర, నీలం లైన్లు అమీర్‌పేటలో కలుస్తాయి. ఎర్ర, ఆకుపచ్చ లైన్లు ఎంజీబీఎస్‌లో కలుస్తాయి. అమీర్‌పేటలో రెండు లైన్ల ప్లాట్‌ఫారాలు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి. రద్దీ వేళ అక్కడ జనం పరుగెడుతుంటారు. మొదటి గుంపు పోయేదాకా గోడ పక్కన నిలబడి, తర్వాత లిఫ్టు దగ్గరకు వెళ్లండి. ఒక రైలు పోతే మరొకటి వస్తుంది.

ఇబ్బంది అంతా స్టేషను కిందనే. రోడ్డుకు రెండు వైపులా నాలుగు దారులు ఉన్నా, అన్నిటికీ లిఫ్టు ఉండకపోవచ్చు. మొదటిసారి వెళ్లేముందు కుటుంబంలో ఒకరు వెళ్లి, లిఫ్టు ఏ వైపు ఉంది, దానిదాకా మెట్లు లేకుండా నడవగలమా, అది పనిచేస్తోందా అని చూసి రండి. ఒకసారి ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని నేనే వెళ్లాను. లిఫ్టు మరమ్మతులో ఉందని బోర్డు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఇలాంటప్పుడు మెట్ల దగ్గర ఉన్న సెక్యూరిటీవారిని అడిగితే అవతలి వైపు లిఫ్టు సంగతి చెబుతారు, అవసరమైతే స్టేషను సిబ్బందిని పిలుస్తారు.

కర్రతో గాని వాకరుతో గాని ఎస్కలేటరు ఎక్కవద్దు. చీర కుచ్చిళ్లు, చున్నీ కొస, మెత్తటి రబ్బరు చెప్పులు దానిలో ఇరుక్కుంటాయి. పార్కిన్సన్స్ ఉన్నవారికి రైలు తలుపు ముందు కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు అవుతుంది. లాగకండి, తొందరపెట్టకండి. "ఆ పసుపు గీత దాటు నాన్నా, ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టండి. దాటడానికి ఒక గీత కనబడితే ఆగిపోయిన కాలు మళ్లీ కదులుతుంది.

చక్రాల కుర్చీలో ఉన్నవారిని రైలునుంచి బయటికి తెచ్చేటప్పుడు వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందు దించండి. చిన్న చక్రాలు సందులో ఇరుక్కుంటే మనిషి ముందుకు పడతాడు. లోపల నిలిపాక రెండు బ్రేకులూ వేయండి. ఇక మోకాలిలోనో తుంటిలోనో లోహపు కీలు వేయించుకున్నవారికి భద్రతా తనిఖీలో మోత వస్తుంది. కంగారుపడకుండా చెప్పండి. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు ముందే చెప్పి కార్డు చూపండి. తనిఖీ ద్వారంలో ఆగకుండా నడిచి వెళ్లిపోవచ్చు, చేతి యంత్రాన్ని మాత్రం ఛాతీ మీద నిలిపి ఉంచవద్దని చెప్పండి.

ఎంఎంటీఎస్, ఆటో

2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైలు చవక. లింగంపల్లి, బేగంపేట, సికింద్రాబాదు, ఫలక్‌నుమా వైపు వారికి అనుకూలం. కాని ఒక సంగతి మరవకండి. వెళ్లేటప్పుడు మీ వైపు ప్లాట్‌ఫారం మీదే రైలెక్కుతారు, బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు రైలు అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది. అప్పుడు వంతెన మెట్లు ఎక్కి దిగాలి. అలసిపోయిన సాయంత్రం అది కాని పని. పట్టాలు దాటుదామని మాత్రం ఎన్నడూ అనుకోకండి. తిరుగు ప్రయాణం ఎలా అన్నది చూసుకున్నాకే వెళ్లే ప్రయాణం నిర్ణయించండి. రైలు ఆగేది కొద్దిసేపే, కాబట్టి ఒంటరిగా నడవలేనివారికి నేను దీన్ని చెప్పను.

ఆటో ఎక్కేటప్పుడు కాలు ముందు పెట్టి వంగి దూరకూడదు. వీపు సీటు వైపు తిప్పి, సీటు అంచు మీద కూర్చొని, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తీసుకోండి. కొత్తగా తుంటి కీలు మార్పిడి అయినవారు సీటు ఎత్తు చూసుకోండి. మోకాళ్లు తుంటికంటే పైకి వచ్చేలా కూర్చోకూడదు. గట్టి దిండు ఒకటి వెంట తెచ్చుకుంటే సరిపోతుంది. షేర్ ఆటోలో అంచున వేలాడుతూ కూర్చోవడం వీరికి అసలు వద్దు.

నీళ్లు తాగకపోవడం

ఇది ఆడవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. దారిలో బాత్‌రూముకు వెళ్లవలసి వస్తుందని ఉదయంనుంచి నీళ్లు ముట్టనివారు ఎంతోమంది. ఎండాకాలంలో బీపీ మాత్ర వేసుకొని, నీళ్లు తాగకుండా, గంటన్నర బస్సులో కూర్చొని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి. అలా పడి చెయ్యి విరిగినవారు మా వార్డులోనే ఉన్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, మలబద్ధకం సరేసరి. ఇంటినుంచి బయలుదేరే ముందు, ఆసుపత్రినుంచి బయలుదేరే ముందు బాత్‌రూముకు వెళ్లి, దారిలో కొద్దికొద్దిగా నీళ్లు తాగండి. గుండె, కిడ్నీ జబ్బులవల్ల నీటికి హద్దు పెట్టినవారు ఆ హద్దులోనే తాగాలి. మీ స్టాపు వస్తోందంటే ముందుగానే లేచి నిలబడకండి. కూర్చొనే మడమలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, బస్సు ఆగాక లేవండి. దిగుతున్నానని కండక్టరుకు ముందే చెప్పి ఉంచండి. షుగరు వల్ల కాళ్లకు స్పర్శ తగ్గినవారు వెనక పట్టీ ఉన్న చెప్పులే వేసుకోవాలి. ఇంటికి చేరాక అరికాళ్లు చూసుకోవాలి.

కార్డు, హక్కు

40 శాతం లేక అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరిస్తే యూడీఐడీ కార్డు వస్తుంది. ఆర్టీసీ రాయితీ పాసుకు, రైలు రాయితీకి వైకల్య ధ్రువపత్రం కావాలి. ఇది పుట్టుకతో వికలాంగులైనవారికే అని చాలామంది అనుకుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉంటే, దీనిలో 21 ఉన్నాయి. పార్కిన్సన్స్ కూడా ఉంది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు అందరికీ అందుబాటులో ఉండాలని అదే చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ అందుబాటు నియమాలను తప్పనిసరి చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో దేశమంతటి పరిస్థితిని పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. కాబట్టి లిఫ్టు పనిచేయడం లేదని మీరు స్టేషనులో ఫిర్యాదు రాస్తే అది గొణుగుడు కాదు. తేదీ, సమయం వేసి రాయండి.

టీచరమ్మ విషయానికి వస్తే, ఆరు వారాలు పీట మీద సాధన చేశారు. మొదటిసారి ఆమెను మెట్రోలో తీసుకొచ్చింది కొడుకు కాదు, వారి సంఘంలోని ఇద్దరు ఇంటర్ పిల్లలు. సెలవు రోజున ఊరికే లిఫ్టు ఎక్కి, రెండు స్టేషన్లు పోయి, తిరిగి వచ్చారు. చికిత్స లేదు, తొందర లేదు. సంఘంలో మంచంపట్టినవారిని పరామర్శించడానికి వెళ్లేవారు ఇలా ఒక పూట కేటాయించగలరేమో ఆలోచించండి. భుజం పూర్తిగా విడవలేదు గాని జడ తానే వేసుకుంటున్నారు. పోయిన వారం నాతో, "బాబూ, అమీర్‌పేటలో లిఫ్టుకు వెళ్లే దారి నాకు నీకంటే బాగా తెలుసు" అన్నారు.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు మీ చేతికర్ర వెంట తెచ్చుకోండి. ఎత్తు చూసి, రబ్బరు అరిగితే మా విభాగంలోనే మారుస్తాం.